100 మైక్రోఆంపియర్ల ముల్లుతో వోల్ట్‌మీటర్, అమ్మీటర్: ప్రాజెక్టు డైరీ

ఏం చేస్తున్నాను

ఒక్క ముల్లు మీటర్ తీసుకుని, దానితోనే వోల్టేజి, కరెంటు రెండూ కొలిచే పెట్టె తయారు చేస్తున్నాను. వోల్టేజికి 1, 10, 50 వోల్టుల రేంజ్‌లు. కరెంటుకు 10 మిల్లీఆంపియర్లు, 100 మిల్లీఆంపియర్లు, 1 ఆంపియర్. అంతా డీసీయే. బ్యాటరీలు, బల్ల మీద వాడే చిన్న పవర్ సప్లైల కోసమే ఇది. మెయిన్స్ జోలికి దీన్ని తీసుకెళ్లను. ఈ హద్దు ముందే గీసుకోవాలి. స్విచ్‌లు, జాక్‌లు, తీగల ఇన్సులేషన్ అన్నీ దీన్ని బట్టే ఎంచుకోవాలి కాబట్టి.

డిజిటల్ మల్టీమీటర్ చేతిలో ఉండగా ఇదంతా ఎందుకు? డిజిటల్ మీటర్‌కు లోపల సొంత బ్యాటరీ ఉంటుంది, ఆంప్లిఫయర్ ఉంటుంది. ముల్లు మీటర్‌కు సొంత బలమేమీ లేదు. ముల్లు కదలాలంటే మనం కొలిచే సర్క్యూటే దానికి కరెంటు ఇవ్వాలి. అంటే మీటర్ తగిలించిన క్షణం నుంచి సర్క్యూట్‌లో ఇంకో రెసిస్టర్ చేరినట్టే. ఆ రెసిస్టర్ ఎంత, దానివల్ల కొలత ఎంత మారుతోంది అన్నది ప్రతి రేంజ్‌లోనూ ముందు లెక్క కట్టి, తర్వాత బల్ల మీద చూడాలి. ఈ ప్రాజెక్టు మొత్తం దానికోసమే.

ముందు దిక్సూచి

అసలు మీటర్ ముట్టుకునే ముందు పాత పద్ధతిలో ఒకటి చేసి చూశాను. 1820లో డెన్మార్క్‌కు చెందిన అయిర్‌స్టెడ్ కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు పక్కకు తిరగడాన్ని లోకానికి చాటాడు. ఆ ఏడాదే జర్మనీలో ష్వైగర్ తీగను చుట్టలు చుట్టలుగా చుట్టి ఆ ప్రభావాన్ని పెంచాడు. కరెంటును కొలిచే పరికరాల కుటుంబమంతా అక్కడి నుంచే వచ్చింది.

10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క మీద ఎనామెల్ తీగ 50 చుట్లు చుట్టాను. మధ్యలో చిన్న అట్టముక్క మీద దిక్సూచి. చుట్ట తలం ఉత్తర దక్షిణాల వెంట ఉండేలా తిప్పి పెట్టాలి. అప్పుడు కరెంటు పుట్టించే క్షేత్రం భూమి క్షేత్రానికి సరిగ్గా అడ్డంగా వస్తుంది. ముల్లు ఆ రెంటి మధ్య ఎక్కడో నిలబడుతుంది. అది తిరిగిన కోణం టాంజెంట్ విలువ కరెంటుకు అనులోమంగా ఉంటుంది. అందుకే దీన్ని టాంజెంట్ గాల్వనోమీటర్ అంటారు.

భూమి క్షేత్రంలో నేలకు సమాంతరంగా ఉండే భాగం 35 మైక్రోటెస్లాలు అనుకుంటే, ఈ చుట్టకు 45 డిగ్రీలు తిరగడానికి దాదాపు 56 మిల్లీఆంపియర్లు కావాలి. కరెంటు దానికి సగమైతే 26.6 డిగ్రీలు, రెట్టింపైతే 63.4 డిగ్రీలు. అంటే 28 నుంచి 56 మిల్లీఆంపియర్లకు పెంచినా 18 డిగ్రీలే, 56 నుంచి 112కి పెంచినా 18 డిగ్రీలే. స్కేల్ పైకి పోయేకొద్దీ గీతలు ఒకదానిమీదొకటి ఎక్కేస్తాయి.

దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పక్కన కత్తెర పెడితే ముల్లు జరుగుతుంది. బల్లకు ఇనుప కాళ్లుంటే జరుగుతుంది. భూమి క్షేత్రం కూడా ఒక్కో చోట ఒక్కో విలువలో ఉంటుంది కాబట్టి, ఒకచోట గీసుకున్న స్కేల్ ఇంకోచోట పనికిరాదు. ఇందులో కొలతకు ఆధారం పరికరంలో లేదు, బయట ఉంది. ఆ లోటు తీరాలంటే అమరికనే తిరగేయాలి. బలమైన అయస్కాంతాన్ని కదలకుండా బిగించి, తీగచుట్టనే తిరగనివ్వాలి. 1882లో డెప్రే, డార్సొన్వాల్ చేసింది అదే. 1888లో ఎడ్వర్డ్ వెస్టన్ దాన్ని చేత్తో మోసుకుపోగలిగే, మాటిమాటికీ సర్దనక్కర్లేని మీటర్‌గా తీర్చిదిద్దాడు. ఇప్పుడు నా బల్ల మీదున్న మీటర్‌లోని అమరిక కూడా ఆ వంశానిదే.

మీటర్‌ను దగ్గరగా చూడటం

డయల్ మీద 100 మైక్రోఆంపియర్లు అని ఉంది. క్లాస్ 2.5, అంటే పూర్తి స్కేల్ విలువలో 2.5 శాతం దాకా తేడా ఉండొచ్చు. స్కేల్ మీద 50 చిన్న గళ్లు. ముందు మూత పారదర్శకంగా ఉండటం వల్ల లోపలి భాగాలు విప్పకుండానే కనిపిస్తున్నాయి. విప్పడం నాకు ఇష్టం లేదు కూడా. అయస్కాంతానికీ మధ్యలోని ఇనుప స్తంభానికీ నడుమ ఖాళీ చాలా సన్నం. సోల్డరింగ్ చేసే బల్ల మీద ఇనుప రజను ఎప్పుడూ ఉంటుంది. ఒక్క రేణువు ఆ సందులో చేరితే కాయిల్ అక్కడ తట్టుకుని ఆగిపోతుంది. టెర్మినల్స్ తప్ప మిగతా చుట్టూ టేపు అంటించేశాను.

కాయిల్‌కు పైనొకటి, కిందొకటి సన్నటి స్పైరల్ స్ప్రింగులు. అవి రెండు పనులు చేస్తాయి: కాయిల్‌కు కరెంటు అందిస్తాయి, ముల్లును సున్నా వైపు వెనక్కి లాగుతాయి. కరెంటు పుట్టించే తిప్పుడు బలం, స్ప్రింగ్ లాగే బలం సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. అయస్కాంతపు కొనలు వంపుగా, మధ్యలో గుండ్రటి మెత్తటి ఇనుము ఉండటం వల్ల కాయిల్ ఏ కోణంలో ఉన్నా క్షేత్రం ఒకే బలంతో తగులుతుంది. అందుకే గీతలన్నీ సమదూరంలో ఉన్నాయి. దిక్సూచి స్కేల్ తర్వాత దీన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది.

ఇంకో చిన్న పరీక్ష. టెర్మినల్స్ ఖాళీగా ఉంచి మీటర్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పితే ముల్లు విచ్చలవిడిగా ఊగుతుంది. రెండు టెర్మినల్స్‌కూ మధ్య చిన్న తీగ ముక్క కలిపి మళ్లీ తిప్పితే, అదే ముల్లు తేనెలో మునిగినట్టు నింపాదిగా కదులుతుంది. కాయిల్ తిరిగినప్పుడు అదే ఒక చిన్న జనరేటర్. టెర్మినల్స్ కలిపితే అందులో పుట్టిన కరెంటు ఆ కదలికనే అడ్డుకుంటుంది. అందుకే ముల్లు మీటర్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లేటప్పుడు టెర్మినల్స్ షార్ట్ చేసి పెట్టాలి. పెట్టె పూర్తయ్యాక కూడా ఈ అలవాటు మానను.

కాయిల్ నిరోధం ఎంత?

లెక్కలన్నిటికీ మూలం ఈ అంకె. దీన్ని డిజిటల్ మీటర్‌లోని ఓమ్స్ రేంజ్‌తో నేరుగా కొలవకూడదు. కింది ఓమ్స్ రేంజ్‌లలో చాలా మీటర్లు మిల్లీఆంపియర్ దాకా కరెంటు పంపుతాయి; ఈ ముల్లు తట్టుకోవాల్సిన దానికి అది పదింతలు.

వాడింది సగం ముల్లు పద్ధతి. 9 వోల్టుల బ్యాటరీ, దానికి సిరీస్‌లో 100 కిలోఓమ్‌ల పాట్ (తిప్పి నిరోధం మార్చుకునే రెసిస్టర్), తర్వాత మీటర్. పాట్‌ను గరిష్ఠ నిరోధం దగ్గర పెట్టి మొదలుపెట్టి, ముల్లు సరిగ్గా 100 మీద నిలిచేదాకా మెల్లగా తగ్గించాను. ఇప్పుడు మీటర్‌కు పారలల్‌గా 5 కిలోఓమ్‌ల ఇంకో పాట్ కలిపి, ముల్లు 50కి దిగేదాకా తిప్పాను. కరెంటులో సగం కాయిల్ గుండా, సగం పాట్ గుండా పోతున్నప్పుడు రెంటి నిరోధమూ ఒకటే. ఆ పాట్‌ను ఊడదీసి డిజిటల్ మీటర్‌తో కొలిస్తే 1,475 ఓమ్‌లు. సిరీస్ పాట్ 88.5 కిలోఓమ్‌లు.

అయితే 1,475 అసలు జవాబు కాదు. రెండో పాట్ కలపగానే మొత్తం నిరోధం కొంచెం తగ్గి, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు కొంచెం పెరిగింది. దాన్ని సరిచేయడం తేలికే: రెండు పాట్‌ల గుణకారాన్ని వాటి తేడాతో భాగించాలి. 88,500ను 1,475తో గుణించి 87,025తో భాగిస్తే 1,500 ఓమ్‌లు. పరీక్షకోసం చేసిన కలయికే ఫలితాన్ని 25 ఓమ్‌లు పక్కకు లాగింది. అది ఎంతో మనకు తెలుసు కాబట్టి తీసేయగలిగాం.

ఇక ముల్లు చివరిదాకా రావడానికి కాయిల్ మీద పడే వోల్టేజి 100 మైక్రోఆంపియర్లు ఇంటూ 1,500 ఓమ్‌లు, అంటే 150 మిల్లీవోల్టులు.

వోల్ట్‌మీటర్ భాగం

ఇది సులువు. వోల్ట్‌మీటర్ కూడా లోపల కరెంటునే కొలుస్తుంది. 1 వోల్టుకు 100 మైక్రోఆంపియర్లు పారాలంటే మొత్తం 10 కిలోఓమ్‌లు కావాలి. కాయిల్‌వి 1,500 ఉన్నాయి, మిగతా 8,500 బయట పెట్టాలి. 8.2 కిలోఓమ్‌ల రెసిస్టర్, దానికి సిరీస్‌లో 500 ఓమ్‌ల ప్రీసెట్, అంటే ఒకసారి సర్ది వదిలేసే చిన్న పాట్. ప్రీసెట్‌తో చివరి సర్దుబాటు. 10 వోల్టులకు మొత్తం 100 కిలోఓమ్‌లు, అంటే ఇంకో 90. రెండు 180 కిలోఓమ్‌ల రెసిస్టర్లు పారలల్‌గా కలిపితే సరిగ్గా 90. 50 వోల్టులకు మొత్తం 500, అంటే ఇంకో 400. 390, 10 సిరీస్‌లో. అన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లే.

ఏ రేంజ్‌లోనైనా వోల్టుకు 10,000 ఓమ్‌లు అన్నమాట. 50 మైక్రోఆంపియర్ల మీటర్‌తో చేస్తే 20,000 వచ్చేవి. పేరున్న ముల్లు మల్టీమీటర్లలో చాలావాటిది ఆ అంకే. దీనికి 10,000తో సరిపెట్టుకుంటున్నాను. దానివల్ల ఎంత నష్టమో కింద పరీక్షల్లో చూస్తాను.

అమ్మీటర్ భాగం: అసలు పని ఇక్కడ

కరెంటు కొలవడానికి కాయిల్ పక్కన తక్కువ నిరోధం ఉన్న దారి, అంటే షంట్, పెట్టి కరెంటులో చాలా భాగాన్ని అటు మళ్లించాలి. పుస్తకాల్లో ఇది రెండు లైన్ల లెక్క. బల్ల మీద మాత్రం మూడు విషయాలు తేలాలి.

మొదటిది వేడి. కాయిల్ రాగి తీగ. రాగి నిరోధం డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. గది వేడి 20 డిగ్రీలు మారితే 1,500 ఓమ్‌లు 1,617 అవుతాయి. వోల్ట్‌మీటర్‌లో ఇది పెద్దగా బాధించదు: 1 వోల్టు రేంజ్‌లో 10,000లో 117 ఎక్కువైతే 1.2 శాతం, 10 వోల్టుల రేంజ్‌లో అందులో పదో వంతు. షంట్‌తో అలా కాదు. షంట్ నిరోధం మారదు, కాయిల్ నిరోధం మారుతుంది. ఏడున్నర శాతం పైచిలుకు తేడా మొత్తం రీడింగ్‌లోకి వచ్చేస్తుంది. కాబట్టి కాయిల్‌కు సిరీస్‌లో వేడికి చలించని రెసిస్టర్ ఒకటి పెట్టాలి. ఎంత పెద్దది పెడితే అంత స్థిరత్వం. కానీ పెద్దది పెట్టేకొద్దీ ముల్లు చివరికి రావడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, ఆ వోల్టేజిని మనం కొలిచే సర్క్యూట్ వదులుకోవాలి.

3,500 ఓమ్‌లు కలిపితే వేడి వల్ల తేడా 2.3 శాతానికి దిగుతుంది, కానీ అమ్మీటర్ 500 మిల్లీవోల్టులు మింగుతుంది. ఒక్క 1.5 వోల్టుల సెల్‌తో నడిచే సర్క్యూట్‌లో అది మూడో వంతు. అసలేమీ కలపకపోతే 150 మిల్లీవోల్టులే, కానీ రీడింగ్ వాతావరణాన్ని బట్టి మారుతుంది. నేను 1,000 ఓమ్‌ల దగ్గర ఆగాను. మొత్తం 2,500, వోల్టేజి 250 మిల్లీవోల్టులు, 20 డిగ్రీలకు 4.7 శాతం తేడా. ఈ బల్ల మీద వేడి అంతగా మారదు. సర్క్యూట్ నుంచి తక్కువ తీసుకోవడమే నాకు ముఖ్యం. ఎండలో, చలిలో తిరిగే పరికరమైతే ఇంకోలా తేల్చుకునేవాణ్ని.

రెండోది స్విచ్. ఒక్కో రేంజ్‌కు వేరే షంట్ పెట్టి రోటరీ స్విచ్‌తో మారిస్తే, తిప్పే మధ్యలో ఒక క్షణం ఏ షంటూ లేకుండా పోయే ప్రమాదం ఉంది. అప్పుడు కరెంటు మొత్తం కాయిల్ మీద పడుతుంది. పైగా స్విచ్ కాంటాక్ట్ నిరోధం షంట్‌కు కలుస్తుంది. పావు ఓమ్ షంట్‌కు స్విచ్‌లో 10 మిల్లీఓమ్‌లు కలిస్తే 4 శాతం తప్పు. అది కూడా రోజుకో రకంగా. ఈ రెంటికీ మందు అయిర్టన్ షంట్. మూడు రెసిస్టర్లను సిరీస్‌గా కలిపి, కాయిల్, 1,000 ఓమ్‌లతో సహా ఒక వలయంగా మూసేస్తాం. స్విచ్ ఆ వలయం బయట ఉంటుంది. కరెంటు వలయంలో ఏ చోట ప్రవేశించాలో మాత్రమే అది తేలుస్తుంది. స్విచ్ తెగినా కాయిల్ పక్కన షంట్ ఎప్పుడూ ఉంటుంది. స్విచ్ కాంటాక్ట్ ఎంత పాడైనా కరెంటు పంపకం మారదు.

లెక్క ఇలా. 10 మిల్లీఆంపియర్లకు మొత్తం షంట్ 25.25 ఓమ్‌లు. వలయం మొత్తం 2,525 ఓమ్‌లు. ఇక ఏ రేంజ్‌కైనా షంట్ భాగం ఎంతంటే 100 మైక్రోఆంపియర్లను వలయంతో గుణించి ఆ రేంజ్ కరెంటుతో భాగించడమే: 100 మిల్లీఆంపియర్లకు 2.525, 1 ఆంపియర్‌కు 0.2525 ఓమ్‌లు. ముక్కలుగా చూస్తే 0.2525, 2.273, 22.73. ఇక్కడ ఒక సౌకర్యం దొరికింది. 24, 430 ఓమ్‌లు పారలల్‌గా కలిపితే 22.73, 2.4, 43 కలిపితే 2.273. రెండూ దొరికే విలువలే.

మూడోది ఆ 0.2525 ఓమ్. దీన్ని చేత్తోనే చేయాలి. 1 మిల్లీమీటర్ వ్యాసం ఉన్న కాన్‌స్టంటాన్ (రాగి, నికెల్ మిశ్రమలోహం) తీగ మీటరుకు 0.62 ఓమ్‌ల పైచిలుకు, 40.5 సెంటీమీటర్లు చాలు. 45 సెంటీమీటర్లు కోసి, పింగాణీ గొట్టం చుట్టూ వదులుగా చుట్టాను, చుట్టుకూ చుట్టుకూ మధ్య గాలి ఆడేలా. 1 ఆంపియర్ పారితే పావు వాటు వేడి పుడుతుంది, అంతే. అయినా బోర్డుకు ఆనకుండా పైకి నిలబెట్టాను. డీసీ షంట్‌లకు మాంగనిన్ అనే ఇంకో మిశ్రమలోహం ఇంకా మంచిది. కాన్‌స్టంటాన్‌కూ రాగికీ అతుకు పడ్డచోట డిగ్రీకి దాదాపు 40 మైక్రోవోల్టులు పుడతాయి. రెండు అతుకుల మధ్య 10 డిగ్రీల తేడా వచ్చినా అది 0.4 మిల్లీవోల్టు, నా 250లో లెక్కకు రాదు. 50 మిల్లీవోల్టుల షంట్ చేసేవాళ్లు మాత్రం పట్టించుకోవాలి.

సర్దడం ఇలా చేశాను. పవర్ సప్లైలో కరెంటు హద్దు 1 ఆంపియర్ దగ్గర పెట్టి, తీగ రెండు కొసల గుండా ఆ కరెంటు పంపాను. డిజిటల్ మీటర్ ఒక ప్రోబ్‌ను ఒక కొసకు ఒక సెంటీమీటర్ లోపలగా సోల్డర్ చేసిన చోట ఉంచి, రెండో ప్రోబ్ మొనను తీగ వెంట మెల్లగా జరుపుతూ పోయాను. 249, 251, 252. మొన వెంట్రుకవాసి జరిగితే అంకె మారుతుంది. 252.5 మిల్లీవోల్టులు చూపిన చోట తీగ మీద గీత పెట్టి, కరెంటు ఆపి, అక్కడ సోల్డర్ చేశాను. చల్లారాక మళ్లీ కొలిస్తే ఒక మిల్లీవోల్టు తక్కువ. సోల్డర్ బొట్టు తీగలో రెండు మిల్లీమీటర్ల దాకా కప్పేస్తుంది కదా. సన్న ఆకురాయితో తీగ మీద రెండు మూడు సార్లు గీకితే 252.5కి వచ్చింది. షంట్ విలువ పెంచాలంటే తీగను గీకడం, తగ్గించాలంటే సోల్డర్ పూయడం.

ఇందులో కీలకమైంది: కరెంటు కొసల నుంచి పోతుంది, వోల్టేజిని మాత్రం లోపలి రెండు బిందువుల నుంచి తీసుకుంటాం. కొసల అతుకుల నిరోధం ఎంతైనా అది ఆ రెండు బిందువుల మధ్యకు రాదు. తక్కువ ఓమ్‌లతో ఎక్కడ పనిచేసినా నాలుగు తీగల పద్ధతి తప్ప దారి లేదు.

రక్షణ

కాయిల్‌కు అడ్డంగా రెండు సిలికాన్ డయోడ్లు, ఒకదానికొకటి ఎదురుగా. ముల్లు చివర ఉన్నప్పుడు కాయిల్ మీద 150 మిల్లీవోల్టులే కాబట్టి అప్పుడు డయోడ్లు ఉన్నట్టే తెలియదు. పొరపాటున ఎక్కువ వోల్టేజి పడితే 0.6, 0.7 వోల్టుల దగ్గర అవి దారి ఇచ్చి కాయిల్‌ను కాపాడతాయి. షాట్కీ డయోడ్లు ఇక్కడ వద్దు. 150 మిల్లీవోల్టులకే అవి కొంత కరెంటు లాగేసి స్కేల్ పై భాగాన్ని వంచేస్తాయి.

కరెంటు జాక్ వెనక ఫ్యూజ్, వలయం బయట. అమ్మీటర్‌ను బ్యాటరీకి నేరుగా అడ్డంగా కలిపితే అది పావు ఓమ్ షార్ట్ సర్క్యూట్. లిథియం సెల్ మీద అలా కలిపితే పది ఆంపియర్ల పైన పారి తీగలు కాలతాయి. అందుకే వోల్ట్‌లకు, కరెంటుకు వేర్వేరు జాక్‌లు, వేర్వేరు రంగులు. కాయిల్‌ను ఇటో అటో కలపడానికి ఒక పోల్ చేంజోవర్ స్విచ్ చాలు. దాని కాంటాక్ట్ 2,500 ఓమ్‌లకు సిరీస్‌లో పడుతుంది, మిల్లీఓమ్‌లు అక్కడ ఏమీ చేయవు.

దేనితో పోల్చి సరిచూడాలి

మీటర్ తనకు తాను సరైనదని చెప్పుకోలేదు, ఇంకొకదానితో పోల్చాలి. ఆ ఇంకొకటి మరొకదానితో. ఈ గొలుసు చివర ఏముంటుందో తెలుసుకోవడం నాకు ఈ ప్రాజెక్టులో చాలా నచ్చిన భాగం. వెస్టన్ 1893లో తయారుచేసిన కాడ్మియం సెల్ 20 డిగ్రీల దగ్గర 1.0183 వోల్టులు ఇస్తుంది. 1911 నుంచి 1990 దాకా వోల్టుకు అంతర్జాతీయ ప్రమాణంగా నిలిచింది అదే. ఆ తర్వాత ఆ స్థానం అతివాహకాల్లో కనిపించే జోసెఫ్సన్ ఎఫెక్ట్‌కు దక్కింది. ఆంపియర్ కూడా 2019 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశపు విలువ మీదే నిలబడి ఉంది. నా గొలుసు మాత్రం 0.5 శాతం డిజిటల్ మల్టీమీటర్ దగ్గర ఆగిపోతుంది. క్లాస్ 2.5 ముల్లుకు అది చాలు.

ప్రీసెట్‌ను 10 వోల్టుల దగ్గర సర్ది, కిందికి వస్తూ చూశాను. 8, 2 వోల్టుల దగ్గర తేడా కంటికి అందలేదు. మధ్యలో, 5 వోల్టుల దగ్గర ముల్లు సగం గడి ఎక్కువ చూపిస్తోంది, అంటే 0.1 వోల్టు. ఇది ప్రీసెట్‌తో పోయేది కాదు, ముల్లు సొంత వంపు. క్లాస్ 2.5 అంటే పూర్తి స్కేల్ విలువలో 2.5 శాతం, ఇక్కడ 0.25 వోల్టు, ఆ హద్దులోనే ఉంది.

ఈ క్లాస్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ 0.25 వోల్టు హద్దు స్కేల్ అంతటా అంతే ఉంటుంది. 10 వోల్టులు చదివితే అది 2.5 శాతం. అదే రేంజ్‌లో 2 వోల్టులు చదివితే పన్నెండున్నర శాతం. ముల్లు స్కేల్ పై సగంలో నిలిచే రేంజ్‌నే ఎంచుకోవాలన్నది అందుకే.

ఇంకో మాట: ఈ డయల్‌కు అద్దం పట్టీ లేదు. ఒక కన్ను మూసి, ముల్లుకు నిట్టనిలువుగా చూసి చదవాలి. పక్క నుంచి చూస్తే అర గడి తేడా సునాయాసంగా వచ్చేస్తుంది.

మీటర్ ఎంత మింగుతోంది

10 వోల్టుల రెగ్యులేటెడ్ సప్లైకి అడ్డంగా రెండు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్లు సిరీస్‌లో కలిపాను. మధ్యలో ఉండాల్సింది 5 వోల్టులు. 10 మెగాఓమ్‌ల డిజిటల్ మీటర్ లెక్క ప్రకారం 4.98 చూపాలి, అంతే చూపింది. నా పెట్టెను 10 వోల్టుల రేంజ్‌లో తగిలిస్తే ముల్లు 3.3 దగ్గర ఆగింది. ఇది మీటర్ చెడిపోవడం కాదు. ఆ రేంజ్‌లో నా మీటర్ నిరోధం 100 కిలోఓమ్‌లు. కింది రెసిస్టర్‌కు పారలల్‌గా చేరి దాన్ని 50 చేసింది. 10లో మూడో వంతు 3.33. మీటర్ తన ముందున్న వోల్టేజిని నిజాయితీగానే చెప్పింది. తను వచ్చాక అక్కడ ఉన్నది అంతే.

50 వోల్టుల రేంజ్‌కు మార్చి మళ్లీ చూశాను. ఇప్పుడు మీటర్ 500 కిలోఓమ్‌లు. ముల్లు 4.5 దగ్గర నిలిచింది, లెక్క ప్రకారం 4.55. రేంజ్ మార్చగానే రీడింగ్ ఇంతగా మారితే మీటర్ సర్క్యూట్‌ను లాగుతోందని తెలుసుకోవచ్చు. అంతేకాదు, రెండు రీడింగుల నుంచి అసలు విలువను వెనక్కి రాబట్టవచ్చు. మూల వోల్టేజి ఒకటి, దాని వెనక నిరోధం ఒకటి: తెలియనివి రెండు, సమీకరణాలు రెండు. 3.33, 4.55 వేసి లెక్కిస్తే వెనక నిరోధం 50 కిలోఓమ్‌లు, మూల వోల్టేజి 5 వోల్టులు అని వస్తుంది. అంత లాగేసే మీటర్‌తోనే అది లాగని విలువ దొరికింది. దానికి కావాల్సిందల్లా మీటర్ సొంత నిరోధం మనకు తెలిసి ఉండటం. అయితే 50 వోల్టుల స్కేల్ అడుగున ముల్లు ఉన్నప్పుడు చదవడం కష్టం కాబట్టి నా చేతి లెక్కలో 4.9 వచ్చింది.

కరెంటు వైపు కూడా ఇదే. 1.5 వోల్టుల సెల్, 220 ఓమ్‌లు. పారాల్సింది 6.8 మిల్లీఆంపియర్లు. 10 మిల్లీఆంపియర్ల రేంజ్‌లో నా అమ్మీటర్ 25 ఓమ్‌లు, కాబట్టి 6.1 చూపింది, పది శాతం గల్లంతు. 100 మిల్లీఆంపియర్ల రేంజ్‌లో మీటర్ రెండున్నర ఓమ్‌లే, సర్క్యూట్‌లో 6.74 పారుతుంది. కానీ ఆ స్కేల్ మీద ముల్లు మూడున్నర గళ్ల దగ్గర ఉంటే 6.5కీ 7కీ తేడా చెప్పడానికి కళ్లు చాలవు. ఒకదాంట్లో ముల్లు బాగా చదవొస్తుంది, సర్క్యూట్ మారిపోతుంది. ఇంకోదాంట్లో సర్క్యూట్ దాదాపు చెక్కుచెదరదు, ముల్లు చదవరాదు. నా వరకు 10 మిల్లీఆంపియర్ల రేంజ్‌లోనే చదివి, 25 ఓమ్‌లను లెక్కలో తీసేయడం నయం. 6.1ని 245తో గుణించి 220తో భాగిస్తే 6.8 తిరిగొస్తుంది.

పెట్టె మూత మీద చీటీ

ఆ లెక్క ప్రతిసారీ కావాలి కాబట్టి మూత లోపలి వైపు చీటీ అంటించాను. 1 వోల్టు రేంజ్: 10 కిలోఓమ్‌లు. 10 వోల్టులు: 100. 50 వోల్టులు: 500. 10 మిల్లీఆంపియర్లు: 25 ఓమ్‌లు. 100: రెండున్నర. 1 ఆంపియర్: పావు ఓమ్, దానికి తోడు ఫ్యూజ్ నిరోధం, దాన్ని కూడా నాలుగు తీగల పద్ధతిలో కొలిచి రాశాను. మధ్య స్కేల్‌లో సగం గడి ఎక్కువ చూపుతుందని కూడా రాశాను.

తర్వాతి పని ఏసీ రేంజ్. ఏసీని ఒకే దిక్కుకు మళ్లించే నాలుగు జర్మేనియం డయోడ్ల బ్రిడ్జ్ ద్వారా కాయిల్‌కు కరెంటు పంపాలి. ముల్లు సగటును కొలుస్తుంది, మనకు కావాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే అంతే వేడి పుట్టించే డీసీ విలువ. సైన్ తరంగానికి రెంటి నిష్పత్తి 1.11 కాబట్టి రెసిస్టర్లు ఆ మేరకు తగ్గించాలి. కింది వోల్టేజిల్లో డయోడ్లు వదులుకునే వోల్టేజి వల్ల స్కేల్ మొదటి భాగం కుంచించుకుపోతుంది; దానికి వేరే స్కేల్ గీయాలి. బ్రిడ్జ్ ముందు ఆడియో ఆసిలేటర్ పెట్టి, 10 వోల్టుల రేంజ్‌లో అర వోల్టుకో బిందువు చొప్పున ఆ వంపు గీయడంతో మొదలుపెడతాను.